తీసేసిన మౌనం

రెయినో లాంపినెన్ నోరు తెరవాలంటే ఎదురుగా ఒక ప్రొఫెసర్ ఉండాలి. పెళ్ళాం ఉంటే చాలదు.

ఈ సంగతి పెళ్ళయిన కొత్తల్లోనే తెలిసి ఉంటే ఐలా వంటా వార్పూ పక్కన పెట్టి ఏదో ఒక డాక్టరేట్ చేసి ఉండేది. పొద్దున్నే "కాఫీ పోయనా?" అంటే "ఊఁ". "వాకిట్లో మంచు మోకాలి దాకా ఉంది, పార పడతావా?" అన్నా అదే "ఊఁ", కాకపోతే కాస్త నీరసంగా. అదే మనిషికి పన్నుల చరిత్ర మీద పుస్తకం రాసిన పెద్దమనిషి ఎవరైనా దొరికితే చాలు, మధ్యాహ్నమంతా కుర్చీలోంచి లేవకుండా, "అయితే ఆ రోజుల్లో బార్లీ మీద పన్ను ఎలా కట్టేవారంటారు?" అని కళ్ళింతలు చేసుకుని అడుగుతాడు. బార్లీకి దొరికిన మర్యాద తనకి దొరకనందుకు ఐలాకి పెద్ద బాధేం లేదు. అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంది, అంతే.

హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక రెయినో ఈ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాడు. పేరు 'తొందర లేదు'. చరిత్రా రాజకీయాలూ సమాజమూ చదువుకున్నవాళ్ళని ఇంటికి పిలిచి తీరిగ్గా మాట్లాడిస్తాడు. స్టూడియో పెరట్లోని సౌనా. ఆవిరి పట్టే లోపలి గది కాదు, దాని ముందు బట్టలు మార్చుకునే గది. దేవదారు చెక్క గోడలు, కొక్కేలకి మందపాటి తువ్వాళ్ళు, మూల చిన్న కట్టెల పొయ్యి. గొంతు మోగకుండా శుభ్రంగా వినపడుతుంది. పై ఊళ్ళ పండితులు గుమ్మంలోనే తటపటాయిస్తారు. "కంగారు పడకండి, బట్టలతోనే కూర్చోవచ్చు," అని ఐలా కాఫీ అందిస్తుంది.

సుపీరియర్ సరస్సు ఒడ్డున, గనులు ఎప్పుడో మూతపడిన కూసెలా అనే చిన్న ఊళ్ళో ఇంతకన్నా వింత ఇంకోటి లేదు. మంచు తోసే ట్రక్కు డ్రైవర్లు కూడా బండిలో పెట్టుకుని వింటారు.

రెయినోకి రెండు పద్ధతులున్నాయి. మాటలన్నీ అయిపోయాక చెయ్యెత్తి "ఇప్పుడు గది నిశ్శబ్దం" అంటాడు. అందరూ నిమిషం పాటు కదలకుండా, మెదలకుండా కూర్చోవాలి. గదికి తనదంటూ ఒక నిశ్శబ్దం ఉంటుందట. దాన్ని రికార్డు చేసుకుంటే, తర్వాత కత్తిరించినచోట అతుకు కనపడకుండా వాడుకోవచ్చట. రెండో పద్ధతి ఆ కత్తిరింపు. మాటకీ మాటకీ మధ్య ఎవరైనా ఆగితే ఆ ఖాళీని కంప్యూటర్‌లో వెతికి మరీ పీకేస్తాడు.

"మౌనం తీసేసి అక్కడ మౌనం అతికిస్తావు. బాగుంది నీ ఉద్యోగం," అంటుంది ఐలా.

"ఊఁ," అంటాడు రెయినో.

ఆ జనవరిలో డాక్టర్ తైమి కోర్హోలా వస్తానని ఒప్పుకుందని తెలిసిన రోజు ఐలా చేతిలో పిండి గిన్నె పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

తైమి రాసిన కూసెలా చరిత్ర, ఐలా కాలేజీలో ఉండగా వచ్చింది. అంతవరకూ చరిత్ర అంటే ఎక్కడో రాజులదీ యుద్ధాలదీ అనుకునేది. ఈ పుస్తకంలో తమ బట్టలుతికే తొట్టె ఉంది, తమ రొట్టె ఉంది. ఎక్కడో యూరప్ బజారులో రాగి ధర పడిపోతే కూసెలాలో ఏ ఇంటి పెళ్ళి ఏడాది వాయిదా పడిందో ఉంది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా చదివింది ఐలా. తమలాంటి వాళ్ళ గురించి ఇంత శ్రద్ధగా ఎవరైనా ఆలోచించారా అని ఒళ్ళు జలదరించింది.

అదే పుస్తకంలో ఐలా తాత కూడా ఉన్నాడు. హంతకుడిగా.

కథ ఊరంతటికీ తెలిసిందే. గనుల కాలంలో, ఫిన్‌లాండ్ నుంచి పనికి వచ్చి కూసెలాలో స్థిరపడ్డవాళ్ళు రెండు ముక్కలయ్యారు, చర్చివాళ్ళూ, ఎర్రజెండా పట్టిన ఎర్రవాళ్ళూ. అందరూ కలిసి కట్టుకున్న హాలు చర్చివాళ్ళ పాలైంది. ఐలా తాత విల్హో దానికి కాపలాదారు. ఒక చలికాలం, మంచు తుపానులో చిక్కుకున్న హిల్మా అనే ఎర్రవాళ్ళ ఆడమనిషి ఆ హాలు తలుపు కొట్టింది. తలుపు తెరుచుకోలేదు. తెల్లారి మెట్ల మీద ఆమె శవం దొరికింది. ఎర్రవాళ్ళని రానివ్వకూడదని విల్హో తాళం వేశాడనీ, తాళం కనపడకుండా తెల్లారే ఆ తలుపు ఊడదీసి తగలబెట్టాడనీ తైమి రాసింది. తప్పు చేయనివాడు తలుపెందుకు కాలుస్తాడు, అని కూడా అడిగింది. హిల్మా తైమికి సొంత మేనత్త.

ఐలా తల్లి పుట్టింటి పేరు ఆ పుస్తకంతోపాటే చెడింది. అయినా ఆ పుస్తకాన్ని ఆమె పారేయలేకపోయింది. తాతని తిట్టిన పేజీ మూల మడిచి, మిగతా పుస్తకాన్ని ప్రేమించింది. తలుపెందుకు కాల్చాడన్న ప్రశ్నకి తన దగ్గరా జవాబు లేదు. పొయ్యి దగ్గర తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊలు మేజోళ్ళు తొడిగిన తాతా, ఆ తాళం వేసినవాడూ ఒకడేనా అన్నది ఆమె లోపల ఎప్పుడూ గుచ్చుకునే ముల్లు.

"నా తరఫున ఒక్క ప్రశ్న అడుగు. తాళం మా తాతే వేశాడని ఆమెకి ఎవరు చెప్పారో అడుగు," అంది రెయినోతో.

"ఊఁ."

"ఇది మంచు పార ఊఁ కాకూడదు."

"అడుగుతానే బాబూ."

తైమి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మగవాళ్ళ బూట్లు, జేబులో ముక్కు తుడుచుకునే గుడ్డ. అరవై దాటిన ఐలాని చూసి "అమ్మాయ్, ఈ యాలకుల రొట్టె నువ్వే చేశావా?" అంది. ఆ పిలుపుకే ఐలా సగం కరిగిపోయింది. ఆమె ఎవరి మనవరాలో తైమికి తెలీదు. లాంపినెన్ అన్నది అత్తింటి పేరు. ఐలా చెప్పనూ లేదు.

పొయ్యిలో కట్టెలు వేసే వంకతో ఐలా మూల బల్ల మీద కూర్చుండిపోయింది.

"ఊరు ఎలా చీలిందంటారు? ఓట్ల దగ్గరా, కూలి దగ్గరా?" రెయినో మొదలుపెట్టాడు.

"కాఫీ దగ్గర," అంది తైమి. "సిద్ధాంతాలు తర్వాత వస్తాయి రెయినో. ముందు ఎవరింట్లో ఎవరు కాఫీ తాగరో తేలిపోతుంది. ఆ తర్వాత ఎవరి కొట్లో ఎవరు బంగాళాదుంపలు కొనరో. చివరికి ఎవరి పిల్లలు ఎవరి పిల్లలతో జారుడుబండ ఆడరో. ఓటు వేసేనాటికి చీలడానికి ఏం మిగలదు. ఓటు ఉత్త రసీదు."

అలా సాగింది. ఆమె చేతిలో కాగితం ముక్క లేదు. రాగి గనిలోంచి బయల్దేరి ఓడలెక్కి, సముద్రం దాటి, ఒక దేశంలో ప్రభుత్వం పడిపోవడం చూపించి, తిరిగి వచ్చి కూసెలా బట్టలుతికే రేవు దగ్గర ఆగేది. అక్కడ నిలబడ్డ ఆడవాళ్ళ పేర్లు చెప్పేది. ప్రపంచమంత పెద్దదీ తమ పెరడంత చిన్నదీ ఒకే దారంతో కుట్టి ఉన్నాయని ఐలాకి కళ్ళముందు కనపడింది. పొయ్యిలో కట్టె వేయడం మర్చిపోయింది. రెయినో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బడిపిల్లాడిలా నోరు కాస్త తెరుచుకుని వింటున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి, ఈ మనిషికి ప్రొఫెసర్లు ఎందుకు కావాలో ఆమెకి అర్థమైంది.

చివర్లో రెయినో గొంతు సవరించుకున్నాడు. "హాలు తలుపు సంగతి. విల్హోయే తాళం వేశాడని మీకు ఎవరు చెప్పారు?"

తైమి నోరు తెరిచింది. మూసుకుంది.

పొయ్యి చిటపటమంది. కప్పు మీంచి మంచు పెళ్ళ జారి దభీమని పడింది. తైమి తన బూట్ల వైపు చూసుకుంటోంది. ఆ మౌనం ఎంతసేపు సాగిందో గానీ, అందులో ఒక ముసలి మనిషి తన జ్ఞాపకాల్లో ఒక్కో ఇంటి తలుపూ తట్టి, ఎవరు పలుకుతారో చూసుకుంటూ నడుస్తున్నట్టు అనిపించింది.

"పుస్తకంలో అలాగే రాశాను," అంది తైమి చివరికి.

రెయినో చెయ్యెత్తాడు. "ఇప్పుడు గది నిశ్శబ్దం."

ఆదివారం విడుదల. గురువారం మధ్యాహ్నం ఐలా సూప్‌లోకి క్యారెట్లు తరుగుతుంటే రెయినో కంప్యూటర్‌లోంచి తైమి గొంతు వినపడింది.

"విల్హోయే తాళం వేశాడని మీకు ఎవరు చెప్పారు?" "పుస్తకంలో అలాగే రాశాను."

ఠక్కున. మేకు మీద సుత్తి దెబ్బలా. ఇంకో మాటకి చోటు లేనట్టు.

ఐలా కత్తి పట్టుకునే గదిలోకి వెళ్ళింది. "ఆ మధ్యలోది ఏది?"

"ఏది?"

"ఆవిడ ఆగింది. అంతసేపు ఆగింది. అది ఎక్కడ పెట్టావ్?"

"అదా, తీసేశా. అంత ఖాళీ ఉంటే వినేవాళ్ళు ఫోన్ పాడైందనుకుంటారు."

"రెయినో, ఆవిడ ఇచ్చిన జవాబే అది! ఆ తర్వాత అన్నది ఉత్త మూత."

"ఆవిడ మాట ఒక్కటి కూడా మార్చలేదు నేను."

"మాట మార్చలేదు. అర్థం మార్చావు. ఆవిడ తడబడింది. నువ్వు ఆవిడ చేత మా తాతని మళ్ళీ ఒకసారి ఉరి తీయించావు."

"నువ్వు ఆయన మనవరాలివి కాబట్టి నీకలా వినపడింది ఐలా. చరిత్ర చుట్టరికాలతో నడవదు."

ఈ మాట మీద ఆమె కత్తి వైపు చూసుకుంది. క్యారెట్లు తరగడానికి తిరిగి వెళ్ళిపోయింది. కానీ ముక్కలు ఆ రోజు చాలా పెద్దవిగా పడ్డాయి.

నిజానికి రెయినో మాట ఆమెకి ఎక్కడో తగిలింది. తనకి కావలసిందే ఆ మౌనంలో విన్నదేమో? సాయంత్రం లోపే కోటు తొడుక్కుని తల్లి దగ్గరికి నడిచింది.

లెంపి తొంభై దాటినా ఇంకా మగ్గం మీద పాత బట్టల పేలికలతో నేల తివాచీలు నేస్తుంది. ఊరి మధ్య అపార్ట్‌మెంట్‌లో కిందింటి వాళ్ళు ఆ చప్పుడు మీద ఫిర్యాదు చేస్తే, వాళ్ళకీ ఒక తివాచీ ఇచ్చి నోరు మూయించింది.

"అమ్మా, తాత ఆ రాత్రి హాలు తలుపుకి తాళం వేశాడా?"

మగ్గం ఆగింది. "ఏ తాళం?"

"హాలు తలుపు తాళం."

"ఆ తలుపుకి తాళమెక్కడేడ్చింది? కొత్త తలుపు మా నాన్నే చేశాడు. వడ్రంగం వచ్చి చచ్చిందా ఆయనకి? చలికి చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోయేది. కింది మూల ఒక్క తన్ను తన్ని లాగితే వచ్చేది. పసిపిల్లలకి కూడా తెలుసు. తన్నందే ఎవరం లోపలికి పోలేదు."

"అందరికీ తెలుసా?"

"మన వాళ్ళందరికీ." లెంపి పేలిక ఒకటి తీసి చూసింది, పెట్టేసింది. "కొత్త తలుపు పెట్టాక ఎర్రవాళ్ళు ఎప్పుడూ రాలేదుగా."

ఐలా మగ్గం పక్కన పేలికల మూట మీద కూర్చుంది. "మరి తలుపెందుకు కాల్చాడు?"

"తను చేసిన తలుపు ఒక మనిషిని చంపిందని. ఇంకేం చేస్తాడు? ఎండాకాలం దాకా గుమ్మానికి కంబళి వేలాడింది. ఆ తర్వాత జన్మలో ఉలి పట్టుకోలేదు."

"ఇన్నేళ్ళూ ఇది ఎందుకు చెప్పలేదమ్మా!"

లెంపి కూతురి వైపు నిజంగానే ఆశ్చర్యపోయి చూసింది. "ఎవరడిగారు?"

"పుస్తకం వచ్చిందిగా!"

"పుస్తకంలో ప్రశ్న లేదు కదే, జవాబు చెప్పడానికి. వాళ్ళు రాసుకున్నారు, వాళ్ళిష్టం. ఇంతకీ నువ్వడిగావా?"

ఐలా అడగలేదు. అవును అంటాడేమోనన్న భయంతో తాతనీ అడగలేదు, తల్లినీ అడగలేదు. ఊరి సగానికి తెలిసిన ఒక తన్ను, మిగతా సగానికి తెలియని ఆ ఒక్క తన్ను, రోడ్డుకి ఇవతలి నుంచి అవతలికి పోవడానికి ఇన్నేళ్ళయినా దారి దొరకలేదు. ఇంత చిన్న విషయం అంత పెద్ద మౌనంలో ఎలా పట్టిందో!

ఇంటికి వచ్చి రెయినోతో చెప్పింది. రెయినో ఈసారి కనీసం "ఊఁ" కూడా అనలేదు. తర్వాత ఆదివారం విడుదల ఆపేస్తున్నానని కంప్యూటర్‌లో ప్రకటన పెట్టి వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు ఐలా తైమికి ఫోన్ చేసింది. తను ఎవరి మనవరాలో చెప్పింది. అవతల నిశ్శబ్దం. ఐలా ఆగింది, తొందరపడలేదు.

"మీరు ఆ రోజు ఆగారు చూడండి, దాన్ని మా ఆయన కత్తిరించేశాడు. మళ్ళీ వచ్చి ఆగుతారేమోనని అడుగుతున్నా. మా అమ్మ కూడా ఉంటుంది."

"మీ ఆయనకి నేను ఆగితే ఇష్టం లేదా?"

"బార్లీ పన్ను అయితే ఎంతసేపైనా ఆగనిస్తాడండీ."

తైమి నవ్వింది. పొడిగా, కాస్త బాధగా. "వస్తానమ్మాయ్. నేను ఆ రోజు నుంచి నిద్రపోలేదు. ఎవరు చెప్పారని మీ ఆయన అడిగితే, చెప్పినవాళ్ళ ముఖాలన్నీ గుర్తొచ్చాయి. అందరూ ఒకే కొట్లో బంగాళాదుంపలు కొన్నవాళ్ళే."

రెండోసారి సౌనా గదిలో నాలుగు కుర్చీలు. లెంపి తన కాఫీ గిన్నె తనే తెచ్చుకుంది, కూతురి కాఫీ పల్చనట. మైకుల వైపు చూసి, "ఇవి నన్ను కరుస్తాయా?" అంది. తైమి లేచి నిలబడింది. ఇద్దరూ చేతులు కలపలేదు. ఒకరి బూట్లు ఒకరు చూసుకున్నారు.

"మొదలుపెడదామా?" అన్నాడు రెయినో.

"కాఫీ తాగకుండా ఏం మొదలు?" అంది లెంపి. కప్పు నింపి తైమి ముందు పెట్టింది. "తాగు. మా ఇంటి కాఫీ మీవాళ్ళు ఎవరూ తాగలేదు. విషం కలపలేదులే, చక్కెర కూడా కలపలేదు."

తైమి ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని, చివరి చుక్క దాకా తాగింది. ఊరు చీలింది కాఫీ దగ్గర అని చెప్పిన మనిషి, ఆ కాఫీ తాగడానికి ఇంత దూరం నడిచి వచ్చింది.

ఈసారి రెయినో ప్రశ్నలేం వేయలేదు. తైమే అడిగింది. "ఆ రాత్రి మీరు హాల్లో ఉన్నారా?"

"ఉన్నా. పాల పళ్ళు ఊడే వయసు. తుపానుకి ఇళ్ళకి పోలేక రాత్రంతా కీర్తనలు పాడుతున్నాం. గాలి గట్టిగా వీస్తుంటే ఇంకా గట్టిగా పాడమన్నారు."

"తలుపు చప్పుడు?"

లెంపి వెంటనే చెప్పలేదు. రెయినో చెయ్యి కంప్యూటర్ వైపు పోలేదు. పొయ్యి లోపల ఎర్రటి బొగ్గు ఒకటి ఒరిగింది.

"వినపడింది," అంది లెంపి. "ధన్ ధన్ మని. గాలి అనుకున్నాం. గాలి అని మా నాన్న కూడా అన్నాడు. పొద్దున్న తలుపు తీసి చూశాక ఆయన ఇంక ఎప్పుడూ పాడలేదు." ఆ తర్వాత తన్ను సంగతి చెప్పింది, చేతకాని వడ్రంగం సంగతి చెప్పింది, కాల్చిన తలుపు సంగతి చెప్పింది. కుర్చీలోంచే కాలు చాపి, నేల మీద చిన్నగా ఒక తన్ను తన్ని చూపించింది. "ఇంతే. ఇంత చాలు."

తైమి ఆ కాలు వైపే చూస్తూ ఉండిపోయింది. జీవితమంతా కట్టిన ఒక ఇల్లు లోపల ఎక్కడో ఒక దూలం కదిలి, ఇల్లంతా ఆ ఒక్క దూలం మీదే ఉందని తెలిసిన మనిషిలా ఉంది ఆమె. అయినా కళ్ళు తిప్పుకోలేదు. ఐలా అలాంటి చూపు ఎవరి ముఖంలోనూ చూడలేదు. పుస్తకంలో ఆమెని చూసి అబ్బురపడింది ఒకప్పుడు. ఇప్పుడు ఆ పుస్తకం పక్కకి జరిగిపోయి మనిషి కనపడుతుంటే, అంతకన్నా పెద్దగా ఉంది.

ఎవరికీ ఇంకేం అడగాలో తోచలేదు. రెయినో మెల్లగా చెయ్యెత్తాడు. "ఇప్పుడు గది నిశ్శబ్దం."

నలుగురూ కూర్చున్నారు. తువ్వాళ్ళు కదల్లేదు. కిటికీ అవతల మంచు మెత్తగా రాలుతోంది. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడకూడదు, దగ్గినా మళ్ళీ మొదటి నుంచి పట్టాలి. ఇన్నేళ్ళుగా ఏ పండితుడూ దాన్ని భగ్నం చేయలేదు.

"లెంపీ," అంది తైమి.

ఐలా భర్త వైపు చూసింది. రెయినో వేలు రికార్డింగ్ ఆపే మీట మీద ఉంది. వేలు తీసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను తప్పు రాశాను లెంపీ. మీ నాన్న తాళం వేయలేదు. మా అత్త చచ్చిపోయిందన్న కోపంతో సగం ఊరినే అడిగి, ఊరంతటినీ అడిగానని రాశాను. తప్పు నాది."